గూఢచారి ఎడమ మోకాలు

ఒక్క ఎడమ మోకాలితో ఒక సినిమా అర్థాన్నే తిప్పేసిన మనిషి లోకంలో ఆమె ఒక్కతే. ఆ సినిమాలో గూఢచారి ఆమే, గూఢచారిని వేటాడినవాడూ ఆమే, ఇద్దరి మధ్యా నలిగిపోయిన గుమాస్తా కూడా ఆమే. తన వెనకాల తనే పరిగెత్తి, తనకే దొరక్కుండా సందులు మారి, చివరికి తన తలుపు తనే కొట్టింది. రెండేళ్ళు కూర్చుని కథ రాసినవాళ్ళకు తట్టని రహస్యాన్ని, ఎవరితోనూ ఒక్క ముక్క అనకుండా, అడుగుల్లో దాచి తెర మీదికి పంపింది. స్టూడియో క్యాంటీన్‌లో టీ చల్లారిపోయేదాకా చెప్పుకునే మాట ఇది. ఇందులో సగం కోతలే అనుకున్నా, మిగతా సగం వింటేనే గుండె దడదడలాడుతుంది.

ఆమెను స్టూడియోలో చిన్నా పెద్దా అందరూ అడుగులక్క అంటారు. సినిమాలో మనిషి నడుస్తుంటే వినపడే చప్పుడు ఆ నటుడి కాళ్ళదే అనుకుంటాం. కాదు. షూటింగ్‌లో మాటలు పట్టుకోవడానికే సరిపోతుంది. మిగతా చప్పుళ్ళు తర్వాత ఒక గదిలో, తెర మీద బొమ్మ చూస్తూ, చేత్తోనూ కాలితోనూ చేస్తారు. తలుపు కిర్రుమనడం, చొక్కా గరగరలాడడం, కప్పు సాసరు మీద పెట్టడం, అన్నిటికంటే ముఖ్యంగా అడుగులు. దాన్ని ఎఫెక్ట్స్ గది అంటారు. నేలంతా గళ్ళు గళ్ళుగా ఉంటుంది. ఒక గడిలో ఇసుక, ఒక గడిలో కంకర, ఒకచోట చెక్క పలకలు, ఒకచోట నున్నటి రాయి, మూలన ఒక పాత ఇనుప మెట్టు. గోడ పొడుగునా అరల్లో నూట పద్నాలుగు జతల చెప్పులూ బూట్లూ. ఈ సంగతి జరిగేనాటికి పంతొమ్మిదేళ్ళుగా ఆమె ఆ గదిలో నిలబడ్డచోటే నడుస్తోంది. ఆ నడకతో ఈపాటికి భూమిని రెండు చుట్లు చుట్టేసి ఉండాలి. గుమ్మం మాత్రం దాటలేదు.

ఆమె అడుగుల గురించి చెప్పేవన్నీ నమ్మితే బుర్ర తిరుగుతుంది. ఒక యుద్ధం సినిమాలో నాలుగు వందల మంది సైనికులూ ఆమె ఒక్కతేనట. మధ్యలో దాహమేసి సైన్యాన్నంతా ఆపి మంచినీళ్ళు తాగొచ్చిందట. ఒక హీరో తెర మీద తన నడక విని, తనలో ఇంత ధైర్యం ఉందా అని మురిసిపోయి, మర్నాటినుంచి వీధిలో కూడా అలాగే నడవబోయి కాలు బెణికించుకున్నాడట. మనిషిని చూస్తే మాత్రం ఇవేవీ ఆనవు. ఐదడుగులు కూడా లేని, గట్టిగా గాలేస్తే పక్కకు జరిగే మనిషి. వయసు నలభై ఎనిమిది. మగవాళ్ళ బూట్లలో గుడ్డ పీలికలు కుక్కుకుని, చిన్న పాదాలు అందులో దూర్చి, కోటలాంటి మనుషుల్ని నడిపిస్తుంది.

గదికి ఒకవైపు పెద్ద అద్దం. దాని వెనక బల్ల ముందు చెవులాయన, అంటే రికార్డిస్టు. చీమ తుమ్మితే ఏ కాలి మీద నిలబడి తుమ్మిందో చెప్పగలడని ఆయనకు పేరు. అప్పటికి ఆయన రిటైరవడానికి ఏడాదే ఉంది. ఆయన గురించి అడుగులక్కకు ఒక్కదానికే ఖాయంగా తెలిసిన సంగతి ఒకటుంది. రెండేళ్ళుగా ఆయన కుడిచెవి మొద్దుబారింది. ఆయన చెప్పలేదు, ఈమె అడగలేదు. టేక్ అవగానే ఆయన అద్దంలోంచి ఈమె ముఖం వైపు చూస్తాడు. బాగా వచ్చి ఉంటే ఈమె జుట్టు చెవి వెనక్కి తోసుకుంటుంది. రాకపోతే నుదురు తుడుచుకుంటుంది. దాన్నిబట్టి ఆయన బొటనవేలు ఎత్తడమో, ఇంకోసారి అనడమో జరుగుతుంది. చూసేవాళ్ళకు మహా విద్వాంసుడు తీర్పు చెప్పినట్టు ఉంటుంది.

ఇక ఈమె దాచుకున్నది ఎడమ మోకాలు.

మొదట కనిపెట్టింది అత్తగారు. భర్త సరుకుల లారీ నడుపుతాడు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే ఉంటాడు. ఇంట్లో అత్తా కోడలూ ఇద్దరే. మూడో అంతస్తులో రెండు గదులు, లిఫ్టు లేదు. అత్తగారికి చూపు మందగించి చాలా కాలమైంది. మెట్ల మీద చప్పుడుబట్టే కోడలు అలిసి వస్తోందో, అలిగి వస్తోందో, కూరగాయలు తెస్తోందో చెప్పేస్తుంది. ఒక సాయంత్రం కోడలు ఇంకా గడపలోకి రాకముందే మొదలుపెట్టింది.

"నీ ఎడమకాలు నీకంటే వెనకాల వస్తోందే."

"మెట్లు నిటారుగా ఉన్నాయి అత్తయ్యా."

"మెట్లు పదిహేనేళ్ళుగా నిటారుగానే ఉన్నాయి. ఇవాళ కొత్తగా లేచి నిలబడలేదు కదా. డాక్టరుకు చూపించు."

చూపించింది. మోకాలి చిప్ప కింద మెత్తటి భాగం అరిగిపోయిందనీ, రోజంతా నిలబడి కాళ్ళు కొట్టుకునే పని ఆపెయ్యమనీ డాక్టరు చెప్పాడు. మంచం పక్కన కూర్చుని ఆమె ఆ సంగతి చెప్తుంటే, డాక్టరు బిళ్ళలు రాశాడా అని మాత్రం అడిగి అత్తగారు ఊరుకుంది. తన నొప్పుల నూనె సీసా కోడలి దిండు పక్కన పెట్టింది.

పని ఆపెయ్యమంటే ఎలా ఆపుతుంది? ఆమెకు ముందు ఆ గదిలో నడిచిన పొడుగాయన చీలమండ దెబ్బతిందని తనే నోరు తెరిచి చెప్పుకున్నాడు. పూలగుత్తి ఇచ్చి, పక్కన నిలబడి ఫోటో తీయించుకుని, సాగనంపేశారు. మర్నాడు తన టిఫిన్ డబ్బా మర్చిపోయానని వస్తే గేటు దగ్గర వాచ్‌మన్ ఎవరు కావాలని అడిగాడు. పైగా ఈమధ్య స్టూడియోలోకి ఒక కంప్యూటరు వచ్చింది. అందులో లక్ష రకాల అడుగులు తయారుగా ఉన్నాయట. మనిషి అడుగు వేరు అని ఇంకా నమ్మేవాళ్ళు ఇద్దరు ముగ్గురే మిగిలారు. వాళ్ళకు మోకాలి సంగతి తెలిస్తే ఆ నమ్మకం ఎంతసేపు నిలుస్తుందో ఆమెకు బాగా తెలుసు. అందుకే నూనె వాసన రాకుండా మోకాలికి రెండు చుట్లు గుడ్డ కట్టి, పైన వదులు పైజామా వేసి, ఏమీ ఎరగనట్టు పనిలోకి వచ్చేది.

సరిగ్గా అప్పుడే ఈ గూఢచారి సినిమా వచ్చిపడింది. మొత్తం సినిమా అడుగుల మీదే నడుస్తుంది.

కథ ఇదీ. ఒక గూఢచారి పరాయి దేశంలోకి దూరతాడు. అక్కడి ఆఫీసులో ఒక ఫైళ్ళ గుమాస్తా ఉంటాడు. నోట్లో నాలుక లేని మనిషి, ఒక కూతురు. గూఢచారి అతనితో స్నేహం చేసి, వాళ్ళింట్లో చదరంగం ఆడి, చివరికి అతని తాళంచెవితోనే బీరువా తెరిచి ఒక కాగితం ఎత్తుకుపోతాడు. ఆ కాగితం వల్ల వెయ్యి మంది ప్రాణాలు నిలుస్తాయి. గుమాస్తా పట్టుబడతాడు. గూఢచారి కోసం వెతుకుతున్న ఆ దేశపు అధికారిని సినిమావాళ్ళు వేటగాడు అనేవారు. అతను గుమాస్తాను కొట్టి కొట్టి అడుగుతాడు. గుమాస్తాకు దొంగ ఎవరో తెలిసిపోయింది, అయినా స్నేహితుడని "నాకు తెలియదు" అంటాడు. ఆ మాట మీదే పోతాడు. ఆ తర్వాత ఆ వేటగాడే గుమాస్తా కూతురిని బడిలో వేస్తాడు. ఆఖరి సీనులో గూఢచారి ఒక అద్దె గదిలో కూర్చుని ఉంటే వరండాలో అడుగులు దగ్గరికొస్తాయి. తలుపు మీద చెయ్యి పడుతుంది. అక్కడితో సినిమా అయిపోతుంది.

డైరెక్టరు కళ్ళజోడు కుర్రాడు, మాట్లాడేటప్పుడు పెన్సిలు కొరుకుతాడు. ఎవరు మంచివాడో ఎవరు చెడ్డవాడో చూసినవాళ్ళు తేల్చుకోలేక కొట్టుకు చావాలని అతని కోరిక. అడుగులక్క మొదటి రోజే ఆ కోరిక మీద నీళ్ళు పోసింది.

"ఇందులో తేల్చుకోవడానికేముంది బాబూ? అమాయకుణ్ణి ఇరికించి తను తప్పుకున్నవాడు మంచివాడెలా అవుతాడు? ఇంతోటి దానికి సినిమా దేనికి, మా అత్తగారు అరనిమిషంలో చెప్తుంది."

"మరి వెయ్యి మంది బతికారు కదా అక్కా?"

"వాళ్ళని అడుగు. ఈ గుమాస్తా అన్నం తిని వాళ్ళెవరూ ఈ పని చెయ్యలేదు."

డైరెక్టరు పెన్సిలు కొరుక్కుంటూ వెళ్ళిపోయాడు. ఆమె మాత్రం అడుగుల దగ్గర అన్యాయం చెయ్యలేదు. గూఢచారికి పల్చటి తోలు బూట్లు, ముందు వేళ్ళు ఆనించి తర్వాత మడమ దించే నడక. వేటగాడికి ఇనుప లాడం కొట్టిన బూట్లు, ముందు మడమ, తర్వాత మిగతా పాదం. గుమాస్తాకు అరిగిన రబ్బరు చెప్పులు. సినిమా మొత్తం మీద గుమాస్తావి వినపడే అడుగులు పదకొండే. బెంచీ మీంచి లేచి విచారణ గదిలోకి పోయే పదకొండు. ఎడిటింగ్‌లో ఆ సీను ఇంకా తేలలేదని దాన్ని చివరికి ఉంచారు.

ఐదు వారాలు నడిచింది. రెండో వారం నుంచే ఎడమకాలు మోసం చెయ్యడం మొదలుపెట్టింది. పాదం కింద పడగానే, బరువు తీసుకోలేక, కొంచెం జారేది. స్ అని ఒక చిన్న ఈడుపు. కంటిరెప్ప వాలినంతసేపు కూడా ఉండదు. గూఢచారి బూట్లలో అది వినగానే ఆమె ప్రాణం పోయినంత పనైంది. అద్దం వైపు చూసింది. చెవులాయన ఈమె ముఖం వైపు చూస్తున్నాడు. ఆమె చెయ్యి దానంతటదే జుట్టు చెవి వెనక్కి తోసింది. ఆయన బొటనవేలు ఎత్తాడు.

ఆయనకు వినపడలేదు. ఆ క్షణంలో ఆమెకు వచ్చింది సంతోషమే. పంతొమ్మిదేళ్ళ స్నేహితుడి చెవి మొద్దుబారడం తన అదృష్టం అనిపించింది. అనిపించిన మరుక్షణం సిగ్గేసింది. సిగ్గేసినా చెయ్యి మాత్రం రోజూ జుట్టు సర్దుతూనే ఉంది. ఇంటికెళ్ళి అత్తగారికి గూఢచారి కథ చెప్పి వాణ్ణి నోరారా తిట్టేది. అత్తగారు అంతా విని, "వాడికీ ఏదో నొప్పి ఉండి ఉంటుందిలే" అనేది.

మాటలూ సంగీతమూ చప్పుళ్ళూ ఒకచోట కలిపే మిక్సింగ్ రోజు వచ్చింది. మర్నాడు ప్రింట్లు వెళ్ళిపోవాలి. ఉదయం పదింటికి మిక్సింగ్ హాల్లో ప్రొడ్యూసరు, డైరెక్టరు, ఇంజనీరు కూర్చున్నారు. ఇంజనీరు ఆ స్టూడియోకి కొత్త. నవ్వితే తన శబ్దం కూడా రికార్డవుతుందని భయమేమో, ఎప్పుడూ నవ్వడు. మెట్ల సీను నడుస్తోంది. పైన గూఢచారి, కింద వేటగాడు. ఇంజనీరు సంగీతం తీసేశాడు. మాటలు తీసేశాడు. ఒట్టి అడుగులు మిగిలాయి. పైన టక్, స్. కింద ధన్, స్. మళ్ళీ వెనక్కి తిప్పి వినిపించాడు. పైన స్. కింద స్. ఎప్పుడూ ఎడమకాలే.

"ఇద్దరూ ఒకే మనిషి సార్" అన్నాడు తాపీగా.

తర్వాత కంప్యూటర్ తెర మీద ఆ అడుగుల గీతలు తెరిచి చూపించాడు. గీతల నిండా కోతలే. అక్కడ కాస్త తీసి, ఇక్కడ కాస్త అతికించి, వంద చోట్లకు పైగా కత్తెర పడింది. ఇంజనీరు లెక్క ప్రకారం సంగతి తేటతెల్లం. గూఢచారి అడుగుల్నే ముక్కలు చేసి, వాటికి బరువు పెంచి, వేటగాడికి అతికించేశారు. ఒక పాత్ర పని ఎగ్గొట్టి రెండు పాత్రల పని చూపించారు. కోతలు పెట్టగలిగింది రికార్డిస్టు ఒక్కడే.

చెవులాయన్ని పిలిచారు, అడుగులక్కనూ పిలిచారు. ప్రొడ్యూసరు గొంతు పెంచే మనిషి కాదు, అదే భయం. ఈ కోతలు మీవేనా అని అడిగాడు. చెవులాయన నావే అన్నాడు. ఎందుకు పెట్టారని అడిగాడు. చెవులాయన తివాచీ అంచున ఏదో దారం ఊడి ఉంటే దాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఒకసారి రికార్డు చేసిన ట్రాక్‌నే ఇద్దరికీ వాడారా అని అడిగాడు.

"పొరపాటు జరిగి ఉంటుంది సార్."

మీ చెవులు పోయాయేమోనని బయట అనుకుంటుంటే నేను నమ్మలేదు, అన్నాడు ప్రొడ్యూసరు. సాయంత్రంలోగా గది తాళాలు ఆఫీసులో ఇచ్చేసి వెళ్ళమన్నాడు. వేటగాడి అడుగులన్నీ తీసేసి కంప్యూటర్లోవి పెట్టమని ఇంజనీరుకు చెప్పాడు. ఆ తర్వాత అడుగులక్క వైపు తిరిగాడు.

"మీరు చెప్పండమ్మా. ఇద్దరికీ మీరే విడివిడిగా నడిచారా, లేక ఒక్కరికే నడిపించి ఆయన సర్దేశారా?"

విడివిడిగా నడిచానంటే చెవులాయన నిర్దోషి. కానీ అప్పుడు ఆ ఈడుపు ఎవరిదని అడుగుతారు. హాల్లో చల్లటి గాలి యంత్రం గుయ్యిమంటోంది. ఆమె కాళ్ళు తెరలోని వరండాలో ఉన్నట్టున్నాయి. అందరూ ఆమె నోటి వైపు చూస్తున్నారు, చెవులాయన తప్ప.

"నాకు తెలియదు సార్. చాలా రోజులైంది కదా" అంది.

ప్రొడ్యూసరు తలూపాడు. చెవులాయన కూడా, సరైన టేక్ వచ్చినప్పుడు ఊపినట్టే, చిన్నగా తలూపాడు.

ఆ పూట ఆమె చేయాల్సింది ఒక్కటే మిగిలింది, గుమాస్తా పదకొండు అడుగులు. ఒంటిగంట దాటాక ఎఫెక్ట్స్ గదిలోకి వెళ్ళేసరికి అద్దం వెనక చెవులాయన కుర్చీలో ఇంజనీరు కూర్చుని ఉన్నాడు. చెవులాయన గదిలోనే ఒక మూల, అలమర ముందు వంగి, తన సామాను సంచిలో పెట్టుకుంటున్నాడు. అతుకులేసిన హెడ్‌ఫోను, మూత లేని ఫ్లాస్కు, ఒక స్వెట్టరు. పంతొమ్మిదేళ్ళు చేసిన ఉద్యోగం ఒక్క సంచిలో పట్టేసింది.

ఆమె రబ్బరు చెప్పులు తొడుక్కుంది. దీపాలు తగ్గాయి. తెర మీద గుమాస్తా బెంచీ మీంచి లేచాడు. ఆమె నడిచింది. ఏడో అడుగు దగ్గర మోకాలు మడతపడి ఆగిపోయింది. ఇంజనీరు ఇంకోసారి అన్నాడు. ఈసారి తొమ్మిది దాకా వెళ్ళింది. తెర మీద గుమాస్తా విచారణ గది గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, ఎవరికో ఏదో చెప్పాడు. మాటలు తీసేశారు కాబట్టి పెదాలే కదిలాయి. ఆ పెదాలు ఏమంటున్నాయో ఆమెకు తెలుసు. మూడు గంటల క్రితం అదే మాట తన నోటి నుంచి వచ్చింది. వాడు ఇంకొకడి కోసం అన్నాడు, తను తన కోసం అంది. మాట మాత్రం అక్షరం తేడా లేదు.

ఆపేద్దామా అని ఇంజనీరు మైకులో అడిగాడు. మూలనుంచి, సంచి జిప్పు లాగుతూ, తల తిప్పకుండానే చెవులాయన అన్నాడు:

"కుడికాలితో మొదలుపెట్టు అమ్మా. అప్పుడు పదకొండోది కుడికాలే అవుతుంది. ఆఖరి అడుగులో ఈడుపు ఉండదు."

ఆమె చటుక్కున అటు తిరిగింది.

"మీకు తెలుసా అన్నయ్యా?"

"మొదటి ఈడుపు నుంచీ."

"మరి ఆ కోతలన్నీ?"

"నీ ఈడుపులే. నా చేతనైనన్ని తీసేశాను. మిగిలినవి నా కుడిచెవి వైపు పోయి ఉంటాయి." ఆయన సంచి భుజానికి తగిలించుకున్నాడు. "అద్దంలోంచి నీ ముఖం చూస్తూనే ఉన్నాను. నువ్వు జుట్టు సర్దుకునే ముందు కళ్ళు మూసుకునేదానివి."

"నాతో ఒక్క మాట అనొచ్చు కదా."

"నా చెవి సంగతి నువ్వెప్పుడన్నా నాతో అన్నావా?"

ఈమె ఆయన చెవుడును కప్పింది, ఆయన ఈమె కుంటితనాన్ని కప్పాడు. ఇద్దరి మంచితనమూ కలిసే ఈ తప్పును తయారుచేసింది. ఆయన చోట వేరే ఎవరైనా అయితే అన్నీ వినపడి అన్నీ తీసేసేవాడు, లేదా ఈమె రెండో వారమే చెప్పేసేది. ఆయన గుమ్మం వైపు నడిచాడు.

ఆమె చెప్పులు విడిచింది. మైకు దగ్గరికెళ్ళి ప్రొడ్యూసరు గార్నీ డైరెక్టరు గార్నీ ఒక్కసారి ఇక్కడికి రమ్మనండి అంది. ఇంజనీరు ఏదో అనబోయాడు. ఆమె అప్పటికే అరలోంచి గూఢచారి బూట్లు తీస్తోంది.

వాళ్ళు వచ్చారు. ప్రొడ్యూసరు చేతిలో ఫోను ఇంకా వెలుగుతోంది. ఆమె ఎవర్నీ కూర్చోమనలేదు. కళ్ళు మూసుకోండి అంది. పంతొమ్మిదేళ్ళలో ఆమె ఎవరికీ ఒక ఆజ్ఞ ఇచ్చి ఎరగదు, అందుకేనేమో అందరూ మూసుకున్నారు. గూఢచారి బూట్లు తొడుక్కుని చెక్క పలకల మీద పది అడుగులు నడిచింది. టక్, స్. టక్, స్. అవి విప్పి వేటగాడి బూట్లు తొడుక్కుంది. తాళ్ళు ముడెయ్యకుండా కొసలు లోపలికి దోపింది. నడిచింది. ధన్, స్. ధన్, స్. అవీ విప్పేసి వట్టి కాళ్ళతో నడిచింది. మెత్తటి పాదాల చప్పుడు, ప్రతి రెండో అడుగు వెనకా అదే స్. ఇప్పుడు అది గూఢచారిదీ కాదు, వేటగాడిదీ కాదు. లిఫ్టు లేని మూడో అంతస్తు ఇంటికి పోయే ఒక ఆడమనిషిది.

"ఒక ట్రాక్ కాదు సార్. ఒక కాలు" అంది.

పైజామా మోకాలిదాకా ఎత్తి గుడ్డ కట్టు చూపించింది. నొప్పుల నూనె వాసన గదంతా నిండింది. ఇంజనీరు మొట్టమొదటిసారి సీట్లోంచి లేచాడు. తాను చూపించిన ప్రతి కోతా అడుగును అతికించడానికి కాదు, అడుగులోంచి ఒక నొప్పిని తీసెయ్యడానికి పెట్టిందని అతనికి అర్థమైంది. ప్రొడ్యూసరు మాత్రం చెవులాయన వైపు చూశాడు.

"ఈయనకు వినపడలేదా మరి?"

ఆమె ఇంతసేపూ నిజమే చెప్పింది. ఇప్పుడు రెప్ప కొట్టకుండా అబద్ధం చెప్పింది.

"మొదటిసారే వినపడింది సార్. ఆయన చెవికి ఏది తప్పుతుంది? నేనే కాళ్ళావేళ్ళా పడి ఎవరికీ చెప్పొద్దన్నాను."

చెవులాయన నోరు తెరవబోయాడు. ఆమె జుట్టు చెవి వెనక్కి తోసుకుంది. ఆయన నోరు మూసుకున్నాడు.

డైరెక్టరు నేల మీద, ఇసుక గడి అంచున కూలబడి పెన్సిలు కొరుకుతున్నాడు. మెట్ల సీను మళ్ళీ వినిపించమన్నాడు. సంగీతం లేకుండా, మాటలు లేకుండా. పైన స్, కింద స్. రెండుసార్లు విన్నాడు. ఇద్దరికీ ఒకే నొప్పి ఉన్నట్టుంది అన్నాడు తనలో తనే. ఉంచేద్దాం సార్, ఒక్కటి కూడా తియ్యొద్దు, అన్నాడు ప్రొడ్యూసరుతో. ప్రొడ్యూసరు ఫోను జేబులో పెట్టుకున్నాడు. తాళాలు ఆయన దగ్గరే ఉండనివ్వండి అన్నాడు చివరికి. అడుగులక్కతో, ఈ పదకొండూ అయ్యాక మీరు ఇంక నడవొద్దమ్మా అన్నాడు. అది దయగా అన్నాడో తీసేసినట్టు అన్నాడో గొంతునుబట్టి తెలియలేదు.

చెవులాయన సంచి దించి తన కుర్చీలో కూర్చున్నాడు. ఆమె రబ్బరు చెప్పులు తొడుక్కుని కుడికాలితో మొదలుపెట్టింది. పదకొండో అడుగు శుభ్రంగా పడింది. గుమాస్తా ఒక్కడే ఆ సినిమాలో ఆఖరి అడుగు కుంటకుండా వేశాడు.

ఆ సాయంత్రం మెట్లెక్కి వచ్చి జరిగింది చెప్తే, అబద్ధం ఒకటి ఆడానని చెప్పే చోట కోడలి గొంతు తగ్గింది. అత్తగారు గుడ్డ కట్టు విప్పి, మోకాలి మీద చెయ్యేసి చూసింది.

"వాచింది" అంది. నూనె సీసా అందుకుంది.

సినిమా ఆడింది. హాల్లోంచి బయటికొచ్చినవాళ్ళు డైరెక్టరు కోరుకున్నట్టే కొట్టుకు చచ్చారు. ఆఖర్న వరండాలో వచ్చేవాడు వేటగాడేనని కొందరు, కాదు గూఢచారి మనస్సాక్షేనని కొందరు, అసలు ఇద్దరూ ఒక్కడేనని, కాలు ఈడ్చడం వినలేదా అని కొందరు. ఆ ఈడుపు ఆలోచన తనకు కథ రాసిన మొదటి రోజే వచ్చిందని డైరెక్టరు రెండు చోట్ల చెప్పాడు. మూడో చోట చెప్తుంటే ముందు వరసలో చెవులాయన కూర్చుని ఉండడం చూసి దగ్గొచ్చి ఆపేశాడు. చెవులాయన నిరుడు పూలగుత్తితో, ఫోటోతో, మర్యాదగానే రిటైరయ్యాడు. ఎఫెక్ట్స్ గదిలో ఇప్పుడు వేరే ఎవరో నడుస్తున్నారు, సగం అడుగులు కంప్యూటర్లోవే. అడుగులక్క మోకాలికి ఆపరేషన్ అయింది. వారంలో మూడు రోజులు వచ్చి, స్టూలు మీద కూర్చుని చేసే చప్పుళ్ళు మాత్రం చేస్తుంది. తాళంచెవులు, కాగితాలు, కప్పులు, చొక్కా గుండీలు. పేరు మాత్రం అడుగులక్కే.

ఈమధ్య ఒక పత్రికాయన క్యాంటీన్‌లో ఈ కథంతా విని, ఉండబట్టలేక గదిలోకే వచ్చాడు. ఆమె ఒక పాత ఫైలును మైకు ముందు తెరుస్తూ మూస్తూ ఉంది. మంచీ చెడూ ఒకే కాలి మీద నడుస్తాయని లోకానికి చెప్పడానికే కదమ్మా మీరలా నడిచారు, తోటి మనిషి కోసం అంత ధైర్యంగా నిజం ఒప్పుకున్నారు, అని అడిగి పెన్ను తెరిచాడు. ఆమె ఫైలు మూసింది.

"అదేం లేదండీ. మోకాలు నొప్పి. పని పోతుందని చెప్పలేదు. ఆయన్ని తీసేస్తుంటే మూడు గంటలు నోరు మూసుకున్నాను. అది కూడా రాసుకోండి."